కుళాయి దగ్గర నేనన్న మాట

మొన్న కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, చేతిలో మందుల సంచి, కళ్లకు నల్లద్దాలతో మధురవాడ మెయిన్ రోడ్డు నుంచి మా అపార్ట్‌మెంట్ దాకా నడిచి వచ్చాను. పదిహేను నిమిషాల నడక. దారిలో ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. లిఫ్టులో నాతోపాటు ఎక్కిన నలుగురూ ఫోన్లు చూసుకున్నారు. తలుపు తీసుకుని లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాక, ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. నిజంగానే హాయిగా ఉంది, అబద్ధమెందుకు.

అదే నా చిన్నప్పుడు మా భీమిలిలో అయితే, ఆ సంచితో బస్టాండు నుంచి ఇంటికి చేరడానికి గంట పట్టేది. సోడాబండి దగ్గర ఒకసారి, కిళ్లీకొట్టు దగ్గర ఒకసారి, మా వీధి మొదట్లో ఇస్త్రీ చేసే ఆయన దగ్గర ఒకసారి ఆగి సంచి విప్పి చూపించాలి. ఏ డాక్టరు, ఏం మందు, ఎన్ని పూటలు, పత్యం ఏమిటి, అన్నీ చెప్పాలి. అంతా విన్నాక ఆ మందు పనిచెయ్యదని చెప్పి పంపేవారు.

చిన్న ఊళ్లో ఉండడంలో ఇబ్బందులేమిటని అడిగితే నేను ఒక పూటంతా చెప్పగలను. మా ఇంటికి కార్డు వస్తే, పోస్టుమాన్ కార్డు ఇవ్వకముందే విషయం చెప్పేవాడు. "మీ మేనమామకి ఆపరేసన్ బాగానే అయిందట తల్లీ, గాబరా పడకండి" అన్న తర్వాతే కార్డు చేతికొచ్చేది. మా నాన్న సంచిలో ఉన్న చేపలు వంజరమా, కవళ్లా అన్న సంగతి నాన్న కంటే ముందు ఇల్లు చేరేది. కొత్త సినిమా వైజాగులో ఆడి ఆడి, రీళ్లన్నీ గీతలు పడ్డాక మాకు వచ్చేది. ఈలోపు దాన్ని అక్కడ చూసేసిన బస్సు కండక్టరు, టిక్కెట్లు కొడుతూ కథంతా చెప్పేసేవాడు. ఆఖర్న ఎవరు చచ్చిపోతారో కూడా.

ఇవన్నీ ఇప్పుడు తలచుకుని నవ్వుకోవచ్చు. నవ్వుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టిన సంగతి ఒకటుంది. అది ఊరు చేసింది కాదు, నేను చేసింది.

మా ఊరి లైబ్రరీ సముద్రానికి దగ్గరగా ఒక పాత పెంకుటింట్లో ఉండేది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి, పట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుకునేవి. పుస్తకాల పిన్నులు కూడా తుప్పుపట్టి, ప్రతి పుస్తకం మధ్యలో రెండు గోధుమరంగు మరకలుండేవి. లోపల అడుగుపెట్టగానే చెమ్మ, కలరా ఉండలు, పాత జిగురు, కిటికీలోంచి వచ్చే ఎండుచేపల వాసన, అన్నీ కలిసి ముక్కుకి తగిలేవి. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఆకలి వేసినట్టుండేది.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా, తేనెటీగల పెంపకం నుంచి నక్షత్రాల దాకా, ఆ బీరువాల్లోంచి నేర్చుకున్నదే. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కానీ నేను చెబుతున్న రోజులకి నాకు పదమూడేళ్లు, గర్వం ఇంకా ఎక్కువ. చదివింది చదివినట్టు ఎవరో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేది కాదు. ఒకసారి చేపలమ్మే ఆవిడని ఆపి, తిమింగలం చేప కాదని చెప్పాను.

"సేప కాకపోతే మరేటే గుంటా? మేకా?" అంది ఆవిడ, గంప దించకుండానే. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

"మేకకి దగ్గర చుట్టమే. పిల్లలకి పాలిస్తుంది" అన్నాను.

ఆవిడ వారం రోజులు మా వీధిలో "కవళ్లు, నెత్తళ్లు" అని అరిచి, మా గుమ్మం ముందు మాత్రం "మేకలున్నాయమ్మా, సముద్రం మేకలు" అని అరిచేది. మా అమ్మ నవ్వాపుకోలేక చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

లైబ్రరీలో పనిచేసే ఆయన్ని అందరూ లైబ్రరీ మాస్టారు అనేవారు. ఎవరు పుస్తకం తీసుకున్నా, ఆయన దాని చివరి పేజీకి అంటించిన కాగితం మీద తిరిగివ్వాల్సిన తారీఖు వేసి, పక్కన తీసుకున్నవారి సభ్యత్వం నంబరు రాసేవారు. పేర్లుండవు. కానీ ఊరంతా కలిపి సభ్యులు రెండువందలు కూడా లేరు. నేను రోజూ ఆయన బల్ల పక్కనే కూర్చునేదాన్ని. ఆరు నెలల్లో సగం నంబర్లు నాకు నోటికొచ్చేశాయి.

దాంతో నాకొక కొత్త ఆట దొరికింది. పుస్తకం చదవడం కంటే ముందు ఆఖరి పేజీ తిప్పి, దాన్ని ఎవరెవరు చదివారో చూసేదాన్ని. సాయంత్రాలు గుళ్లో ఉపన్యాసాలు చెప్పే రిటైర్డు తాసీల్దారుగారు హత్యలూ గూఢచారుల నవలలూ ఒక్కటీ వదల్లేదు. కాఫీ హోటలాయన హస్తసాముద్రికం పుస్తకం తీసుకెళ్లిన మర్నాటి నుంచీ, చిల్లర ఇస్తూ అందరి అరచేతులూ తేరిపార చూసేవాడు. బళ్లో స్నేహితురాళ్లకి ఇవన్నీ చెబితే పడీపడీ నవ్వేవారు. ఊళ్లో ఎవరి మనసులో ఏముందో నాకు తెలిసిపోయినంత సంబరంగా ఉండేది.

నూట పన్నెండో నంబరు మా టీచరమ్మది.

ఆవిడది గోదావరి జిల్లా. బదిలీ మీద మా ఊరి బడికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. మా పక్కింటి పెద్దమ్మ వాళ్ల ముందువాటాలో అద్దెకుండేది. చుట్టరికం లేకపోయినా, అమ్మ అక్కా అన్నట్టుగా అప్పా అని పిలిచేది కాబట్టి నేను ఆ ఇంటావిడని పెద్దమ్మా అనేదాన్ని. టీచరమ్మ సాయంత్రం పూట అరుగు మీద చాపలు పరిచి, పదిమందికి పైగా పిల్లలకి ట్యూషన్ చెప్పేది. ఆవిడ మాట మా మాటలా పరుగెత్తేది కాదు. నెమ్మదిగా, చివర "అండి" తగిలిస్తూ మాట్లాడేది. పాలు పోసే ఆవిడని కూడా "ఏవండీ" అనేది. అందుకని మా వీధి ఆడవాళ్లకి ఆవిడంటే గౌరవమూ ఉండేది, కొంచెం వింతగానూ ఉండేది.

అది చలికాలం. తేగల రోజులు. ఉడికించిన తేగల వాసనతో, సముద్రం మీంచి వచ్చే మంచుతో వీధంతా తడితడిగా ఉండేది. మా నాన్న రైసుమిల్లులో ధాన్యం ఆడించే మిషను దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద కూడా తవుడు దుమ్ము ఉండేది. ఆ చలికి ఆయనకి దగ్గు పట్టుకుంది. చలి అన్నాక దగ్గు రాదా అని నేను పట్టించుకోలేదు. అమ్మ గిన్నెలో కూర పెట్టుకుని, ట్యూషన్ అయ్యాక టీచరమ్మ వాటాలోకి వెళ్లి చాలాసేపు ఉండిపోవడం కూడా పట్టించుకోలేదు. పుస్తకాల నంబర్లు చూడ్డంలో ఉన్నాను మరి.

ఒకరోజు లైబ్రరీలో మూల బీరువా సర్దుతుంటే ఒక లావుపాటి పుస్తకం నా చేతికొచ్చింది. అట్ట మీద ఊపిరితిత్తుల బొమ్మ ఉంది. క్షయవ్యాధి గురించిన పుస్తకం. అలవాటుగా ఆఖరి పేజీ తిప్పాను. నూట పన్నెండు. దాని కింద మళ్లీ నూట పన్నెండు. దాని కింద మళ్లీ అదే. మూడుసార్లు, వెంటవెంటనే. పుస్తకం మాత్రం తెరవలేదు. నాకు కావలసింది దొరికిపోయింది.

మర్నాడు పొద్దున్న వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఇంట్లో ఉంది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. పక్కింటి పెద్దమ్మ నీళ్లు పడుతూ, "మా టీచరమ్మకి రొంపనుకుంటాను. రాత్రల్లా దగ్గుతానే ఉంది" అంది.

"రొంప కాదు పెద్దమ్మా. ఆవిడకి క్షయ" అన్నాను నేను, వరసలోంచే.

"అదేటే?"

"టీబీ. లైబ్రరీలో ఆ పుస్తకం మూడుసార్లు తీసుకున్నారు. జబ్బు లేనివాళ్లు అలాంటి పుస్తకం మూడుసార్లు ఎందుకు చదువుతారు?"

అందరూ నా వైపు చూశారు. నా తెలివికి ఆశ్చర్యపోయారనుకున్నాను. ఇంకా ధైర్యం వచ్చి, నంబర్లు ఎలా చూస్తానో కూడా వివరించాను.

"ఓలమ్మా" అంది పాలు పోసే ఆవిడ. "నాను రోజూ ఆవిడ గిన్నిలోనే పోత్తన్నాను."

"నా మనవరాలు ఆ సాప మీదే కూకుంటంది" అంది పెద్దమ్మ. ఆవిడ బిందె నిండి పొర్లుతున్నా పక్కకి తియ్యలేదు.

నేను నీళ్లు పట్టుకుని ఇంటికి నడిచాను. ఆ మాట నా కంటే ముందు నడిచింది.

ఆ సాయంత్రం ట్యూషన్‌కి అయిదుగురే వచ్చారు. రెండో రోజు ఇద్దరు. మూడో రోజు నుంచి నేనొక్కదాన్నే. బళ్లో టీచర్లు తాగే మంచినీళ్ల కుండ దగ్గర ఆవిడకి వేరే గ్లాసు పెట్టారట. పాలావిడ గుమ్మం దగ్గరకి రాకుండా, వీధిలో నిలబడి, చెయ్యి బారుగా చాపి పైనుంచి పోసేది. సగం పాలు నేలపాలయ్యేవి.

"ఏవండీ, కొంచెం దగ్గరికొచ్చి పొయ్యండి" అని టీచరమ్మ అనడం నేను విన్నాను. పాలావిడ వినిపించుకోలేదు.

నాకు భయం మొదలైంది. నేను చెప్పింది నిజమే కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆవిడ ఎవరితోనూ కాదనలేదు కూడా. ఒక్కసారి "నాకే జబ్బూ లేదు" అంటే సరిపోతుంది కదా, ఎందుకు అనదు? ఉంది కాబట్టే అనట్లేదు. నా లెక్క అదీ. అయినా నా మాట వల్ల ఖాళీ అయిపోయిన ఆ అరుగు వైపు మాత్రం చూడలేకపోయేదాన్ని. పైగా ఆ జబ్బు నాకూ అంటుకుంటుందని భయం.

"అమ్మా, నేను ట్యూషన్ మానేస్తాను. ఎవరూ రావట్లేదు" అన్నాను.

అమ్మ చేపలు తోముతోంది. తల ఎత్తలేదు. "ఎవుల్నీ సూసి నువ్వు సదువుకోవక్కర్నేదు. ఎల్లు."

"ఆవిడకి టీబీ అట."

"నోర్మూసుకుని ఎల్లమన్నాను."

అమ్మ నన్ను అంత గట్టిగా కసరడం అదే మొదలు.

వెళ్లాను. టీచరమ్మ నాకొక్కదానికే, పదిమంది ఉన్నప్పుడు ఎలా చెప్పేదో అలాగే పాఠం చెప్పింది. పాఠం అయ్యాక తేగ ఒలిచి, మధ్యకి విరిచి, సగం నాకివ్వబోయింది. నేను చెయ్యి చాచలేదు. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. లోపలికి వెళ్లి, ఒలవని తేగ ఒకటి తెచ్చి నా పక్కన చాప మీద పెట్టింది. "ఇది నువ్వే ఒలుచుకో అమ్మాయ్. నా చెయ్యి తగల్లేదు, కాగితంతో పట్టుకొచ్చాను" అంది. మాటలో కోపం లేదు. ఆ తేగ నేను తిన్నానో, దారిలో పారేశానో గుర్తులేదు. ఆ కాగితం మాత్రం గుర్తుంది.

తర్వాతి వారంలో సంగతి ముదిరింది. ఆ రోజు కుళాయి దగ్గర అమ్మా, నేనూ ఇద్దరం ఉన్నాం. టీచరమ్మ తన ఇత్తడి బిందెతో వచ్చి వరస చివర నిలబడింది. ఆవిడ ముందున్నావిడ నాలుగడుగులు పక్కకి జరిగింది. ఎవరో ఆవిడ బిందెని కాలితో తోసి గోడవారకి పెట్టారు.

పక్కింటి పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "టీచరమ్మా, ఏటీ అనుకోకు. పిల్లలున్న ఇల్లు మాది. పండగలోపు వాటా కాళీ సేసీవమ్మా."

"ఈ ఊళ్లో నాకు ఇంకెవరు ఇల్లిస్తారండీ?" అంది టీచరమ్మ మెల్లగా.

"అది నాకేటి తెల్సు. మీ వోల్లు నీకు నేరేటి? అక్కడికెల్లి మందు తీసుకో."

"ఉద్యోగం వదులుకుని వెళ్లలేనండీ."

అప్పుడు మా అమ్మ వరసలోంచి బయటికొచ్చింది. గోడవారనున్న ఇత్తడి బిందె తీసి, కుళాయి కింద ఉన్న పెద్దమ్మ బిందెని పక్కకి జరిపి, దాని స్థానంలో పెట్టింది.

"ఏటే, ఏటి సేత్తన్నావ్? నా బిందె నిండనేదు!" అంది పెద్దమ్మ.

"ఆగప్పా. నాను సెప్పింది విని అప్పుడు పట్టుకో" అంది అమ్మ. "ఆ పుస్తకం టీచరమ్మకి కాదు. నాకు. నా మొగుడు రెండు నెల్ల బట్టి దగ్గుతన్నాడు. డాక్టరు కాడికి తీసికెల్తే కూకునే బల్ల రోడ్డు మీదే ఉంటాది. అక్కడ కూకుంటే సందేళకి ఊరందరికీ తెల్సిపోద్ది. మిల్లులో పనిలోంచి తీసేత్తారని నాకు బెంగ. నాకు సదువు రాదు. ఆవిడ కాళ్లట్టుకుంటే నా కోసం పుస్తకం తెచ్చి రోజూ సదివి సెప్పింది. ఎవుల్తోటీ అనొద్దని నానే మాట తీసుకున్నాను."

టీచరమ్మ, "ఎందుకండీ ఇప్పుడివన్నీ" అంది అమ్మ చెయ్యి పట్టుకుని.

"మీరుండండమ్మా" అంది అమ్మ. తర్వాత తన బిందె, నా చేతిలోని చిన్న బిందె తీసుకెళ్లి గోడవారన పెట్టింది. "ఇదుగో, మావి ఇక్కడెట్టీసినాను. ఇప్పుడు తొయ్యండి ఎవులు తోత్తారో."

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పింది మొదటి నుంచీ తప్పు. తప్పు కావడమే కాదు, నా ఇంటి గుట్టు కాపాడుతున్న మనిషి మీద వేశాను.

ముందు పెద్దమ్మే తేరుకుంది. "ఓసి నీ మొహం మండా. నాకు ముందే సెప్పొచ్చు కదే!"

"సెప్తే ఏటి సేసేదానివి?"

పెద్దమ్మ ఆలోచించింది. "ఊరందరికీ సెప్పీదాన్ని" అంది నిజాయితీగా. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ. బిందె నిండి నీళ్లు కారిపోతుంటే టీచరమ్మ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

ఇంక ఆ రోజు మా ఊరు ఎలాంటిదో పూర్తిగా చూశాను. మధ్యాహ్నానికి మా ఇంటికి ఆరు రకాల వైద్యం వచ్చింది. ఒకరు మేకపాలు, ఒకరు వామూ మిరియాలూ దంచిన పొడి, ఒకరు నాటుకోడి గుడ్లు. చేపలావిడ పాలసొర చేప తెచ్చి, "ఇది పాలిచ్చే బాలింతలకే కాదే, రొమ్ము పడిశానికీ మంచిది. మీ మేకలమ్మకి కూడా ఎట్టు" అంది నన్ను చూసి. పాలావిడ మాత్రం ఆ వారమంతా మా గిన్నెలో కూడా పైనుంచే పోసింది. అలాంటివాళ్లూ ఉన్నారు. ట్యూషన్‌కి మానేసిన పిల్లల్లో ముగ్గురు మళ్లీ ఎప్పటికీ రాలేదు.

పాపం, అందరి కంటే ఆఖర్న తెలిసింది మా నాన్నకే. మిల్లు గేటు దగ్గర బస్తాలు మోసే ఆయన ఆపి, "బావా, నీకు టీబీ అట కదా, సెప్పనేదేటి?" అన్నాడట.

"నాకా? ఎవుడన్నాడు?"

"మీ ఆవిడే సెప్పినాదట కుళాయి కాడ."

"నాకు సెప్పనేదే!" అన్నాడట నాన్న. ఈ సంగతి ఆయన తర్వాత పదేళ్లపాటు వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పాడు. కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి నవ్వలేదు. తవుడు దుమ్ముతోనే పీట మీద కూర్చుని, "నాకు సెప్పడానికి భయమేసినాదా?" అని అమ్మని అడిగాడు. అమ్మ ఏడ్చింది. కుళాయి దగ్గర ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది.

మూడో రోజు వైజాగు పెద్దాసుపత్రికి వెళ్లారు. కండక్టరు ఎవరూ అడక్కుండానే కిటికీ పక్క సీట్లో తువ్వాలు వేసి ఉంచాడట. "గాలి తగలాల బావా" అన్నాడట. ఛాతీ ఫొటో తీశారు, కళ్లె పరీక్ష చేశారు. వారం తర్వాత తేలిందేమిటంటే అది టీబీ కాదు. దుమ్ము వల్ల వచ్చిన దగ్గు. మిషను దగ్గర పని మానుకుంటే తగ్గుతుందన్నారు. ఆ కబురు కూడా నాన్న బస్సు దిగకముందే మిల్లు యజమానికి చేరింది. మర్నాడు వెళ్లేసరికి, బయట తూకం దగ్గర పని చూడమన్నాడు. అడగడానికి నాన్న దారంతా కూడబలుక్కున్న మాటలు వృథా అయిపోయాయి.

పెద్దమ్మని ఎవరైనా వాటా సంగతి అడిగితే, "నానెప్పుడు కాళీ సెయ్యమన్నాను? సున్నం ఎయ్యాల, సామాను పక్కకెట్టమన్నాను" అనేది.

అన్నీ చక్కబడ్డాయి, ఒక్కటి తప్ప. నేనింకా చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ వాటాలోకి వెళ్లాను. కందిపొడికి పప్పు వేయిస్తోంది. వాటా అంతా ఎర్రగా వేగిన వాసన. గుమ్మంలోనే నిలబడి, ఏడుపూ మాటా కలిపి, "ఆ మాట మొదట అన్నది నేనండీ" అన్నాను.

ఆవిడ గరిట ఆపలేదు. పప్పు మాడిపోతుంది కదా. "తెలుసమ్మాయ్" అంది.

"ఎప్పుడు తెలిసిందండీ?"

"ఆ రోజే. నువ్వు బిందె ఇంట్లో దించేలోపే నాకొచ్చి చెప్పారు. ఎవరన్నారో, ఏమన్నారో, నూట పన్నెండో నంబరుతో సహా. ఈ ఊళ్లో ఆలస్యమవుతుందా ఏంటి?"

"మరి నన్నెందుకు రానిచ్చారండీ?"

"రావద్దంటే ఎందుకని మీ అమ్మ అడుగుతుంది. ఏం చెప్పను? మీ ఆయన కోసం తెచ్చిన పుస్తకం చూసి మీ కూతురే నా మీద చెప్పిందనా? అసలే ఆవిడ బెంగతో ఉంది." బాణలి దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఒక్క సంగతి చెప్పు. ఆ పుస్తకం చదివావా?"

"లేదండీ. అట్టా, ఆఖరి పేజీ చూశాను."

"మధ్యలో మూడొందల పేజీలున్నాయమ్మా."

కోపంగా అని ఉంటే మరిచిపోయేదాన్నేమో. అమ్మ కోసం లైబ్రరీ నుంచి మళ్లీ తెచ్చి ఉంచిన ఆ పుస్తకం ఆవిడ అలమర్లోంచి తీసి నా చేతిలో పెట్టింది. ఒక పేజీ దగ్గర చిన్న కాగితం ముక్క పెట్టి ఉంది. ధాన్యం, దూది, రాళ్ల దుమ్ములో పనిచేసేవాళ్లకి వచ్చే దగ్గుని క్షయ అని పొరబడవద్దని ఆ పేజీలో ఉంది. అమ్మకి ధైర్యం చెప్పడానికి ఆవిడ ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివి వినిపించేదట. అందుకే మూడుసార్లు.

ఆ పుస్తకం నేను మొదటి నుంచీ ఆఖరి దాకా చదివాను. సాయంత్రాలు నాన్నకి గట్టిగా చదివి వినిపించాను. నాన్న గోడకి చేరబడి వింటూ, "లేని జబ్బుకి ఇంత పుస్తకమా!" అనేవాడు. నాలుగో పేజీకల్లా గుర్రు పెట్టేవాడు. దగ్గు లేని గుర్రు. అమ్మ వంట ఆపి వచ్చి, కాసేపు ఆ గుర్రు విని వెళ్లేది. నేను మాత్రం చదవడం ఆపేదాన్ని కాదు. ఏ పుస్తకంలోనైనా మధ్య పేజీలు చదవకుండా ఎవరికీ ఏమీ చెప్పకూడదని అప్పుడు పెట్టుకున్న నియమం. చదివినవన్నీ చెప్పుకునే అలవాటు పోయిందా అంటే, పోలేదు. ఈ కాగితాలే సాక్ష్యం.

రెండేళ్ల తర్వాత టీచరమ్మకి గోదావరి వైపే బదిలీ అయింది. అందరి కంటే ఎక్కువ ఏడ్చింది పక్కింటి పెద్దమ్మ.

అమ్మకి మాత్రం నేను చెప్పలేదు. టీచరమ్మ దగ్గర చెప్పగలిగినదాన్ని, అమ్మ దగ్గర నోరు పెగల్లేదు. తెలియదులే అని సర్దిచెప్పుకున్నాను. అమ్మ కుళాయి దగ్గర బిందెలు జరిపిన రోజున, నా మాట స్వయంగా విన్న ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. "నీ కూతురే కదే సెప్పినాది" అని ఒక్కరూ అనలేదు. ఒక్కరూ నా వైపు చూడలేదు. ఏ సంగతీ గంటసేపు కడుపులో దాచుకోలేని మనుషులు, అంతమంది, ఏళ్లతరబడి ఆ ఒక్క మాట ఎలా దాచారా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను.

నాకు పెళ్లై, పిల్లలు పుట్టాక, అమ్మ కొన్నాళ్లు నా దగ్గర ఉంది. ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ ఊరి సంగతులేవో చెబుతోంది. మాటల మధ్య ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, అప్పట్లో టీచరమ్మ మీద ఆ మాట పుట్టించింది ఎవరో నీకు తెలుసా?"

"తెల్సు" అంది అమ్మ.

"ఎవరు?"

అమ్మ ఒక రాయి ఏరి, వెలుగులో పెట్టి చూసి, పక్కన పారేసింది.

"ఎవుర్తో ఒక గుంటలే. పుస్తకం సదవకుండా సెప్పీసినాది. తరవాత కూకుని అంతా సదివింది కదా" అంది. చేట నా ఒళ్లోకి తోసి, "కళ్లు మసకలు కమ్ముతన్నాయి. నువ్వు ఏరు" అంది.